వరద సంచిక రాసినవాళ్ళు: కోనసీమలో ఒక ఊరి పత్రిక కేస్ స్టడీ

ఊరి పత్రికలు నడిపేవాళ్ళు ఎక్కడ కలిసినా ఒకటే మాట: రాసేవాళ్ళు దొరకడం లేదండి అని. కోనసీమలో ఒక త్రైమాసిక పత్రికకు సంపాదకుడిగా నేను ఆ మాట ఒప్పుకోను. చెప్పాల్సిన సంగతి ఉన్నవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. వాళ్ళలో ఒకరు తెల్లారేసరికి కొబ్బరి చెట్టు మీద ఉంటారు, ఒకరి రెండు చేతులూ లేసు అల్లికలో ఉంటాయి, ఇంకొకరికి రాస్తే కౌలు ఊడుతుందని భయం. మనం పెట్టిన గడువులోపల, సొంత దస్తూరీతో, మూడు పేజీలకు మించకుండా రాసి పంపమంటే వాళ్ళు పంపలేరు. గడువు, పద్ధతి, పేజీలు వాళ్ళ బతుకు వేళలకు తగ్గట్టు మారిస్తే పంపుతారు. 2022 జులై వరద తర్వాత మేము తెచ్చిన వరద సంచిక ఆధారంగా ఈ సంగతి వివరంగా రాస్తున్నాను. రచయితల పేర్లు, ఊళ్ళు ఇక్కడ ఉండవు. వాళ్ళలో కొందరికి అది మేమిచ్చిన మాట.

ముందు పత్రిక గురించి నాలుగు ముక్కలు. 48 పేజీలు, మధ్యలో పిన్ను. పాఠకులు రాజోలు, పి.గన్నవరం, మామిడికుదురు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు, గోదావరి పాయ వశిష్ఠ అవతల నరసాపురం, పాలకొల్లు వైపు కొందరు. ప్రకటనలిచ్చేది ఎరువుల కొట్లు, బంగారం కొట్లు, కంటి ఆసుపత్రులు. మొదటినుంచీ రాస్తున్నవాళ్ళు రిటైరైన మాస్టార్లు, లెక్చరర్లు, బ్యాంకు ఉద్యోగులు. వాళ్ళు లేకపోతే ఈ పత్రికే లేదు. ఇప్పటికీ ప్రూఫులు దిద్దేదీ, చందాలు వసూలు చేసేదీ, పోస్టాఫీసుకు కట్టలు మోసేదీ వాళ్ళే. అయితే వాళ్ళ రచనల్లో కనిపించేది ఎక్కువగా పుష్కరాల గోదావరి, పాపికొండల గోదావరి. ఏటిగట్టుకు లోపల, నది మధ్య లంకల్లో బతికేవాళ్ళకు తెలిసిన గోదావరి మా పేజీల్లోకి వచ్చేది కాదు.

ఈ ప్రాంతానికి పత్రికలు కొత్త కాదు. 1874లోనే కందుకూరి వీరేశలింగం పంతులు వివేకవర్ధని పత్రిక మొదలుపెట్టి, సంఘ దురాచారాలతోపాటు స్థానిక అధికారుల లంచాల గురించి కూడా రాశారు. రాసినవాడూ, ఎవరి గురించి రాశాడో ఆ మనిషీ ఒకే వీధిలో ఎదురుపడే చోట పత్రిక నడపడం అంటే ఏమిటో ఆయనకు బాగా తెలిసే ఉంటుంది. మాకు అది వరద సంచికతో అర్థమైంది.

గోదావరికి ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 10 లక్షల క్యూసెక్కులు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. 2022 జులైలో 25 లక్షలు దాటింది. 1986 ఆగస్టులో వచ్చిన 35 లక్షలతో, 2006లో వచ్చిన 28 లక్షలతో పోలిస్తే తక్కువే. కానీ జులై నెలలో అంత నీరు వస్తుందని ఎవరూ అనుకోలేదు. కనకాయలంక కాజ్‌వే మునిగింది, లంక ఊళ్ళు నీళ్ళలో ఉన్నాయి, పడవలమీద పాలు, మందులు వెళ్ళాయి. నీరు తీశాక మా సంపాదకవర్గం కూర్చుంది. ఈ వరద గురించి గట్టు మీద నిలబడి చూసినవాళ్ళు రాయొద్దు, నీళ్ళలో ఉన్నవాళ్ళూ, గట్టు కాసినవాళ్ళే రాయాలి అని తీర్మానించుకున్నాం.

లస్కరు గారి నోటుపుస్తకం

మొదట దొరికినవారు ఇరిగేషన్‌లో లస్కరుగా, అంటే కాలువలు, గట్లు కాసే ఉద్యోగిగా చేసి రిటైరైన పెద్దాయన. 1986 వరదకు ఆయన కుర్రాడు, అప్పుడే ఉద్యోగంలో చేరారు. 2006లో గట్టు కాశారు. 2022లో ఉద్యోగం లేదు. అయినా రాత్రులు టార్చి లైటు పట్టుకుని ఏటిగట్టు మీదకు వెళ్ళారు. ఎవరూ పిలవలేదు. వెళ్ళకుండా ఉండలేకపోయానని చెప్పారు.

ఆయన మాకిచ్చింది ఒక పాత నోటుపుస్తకం. ప్రతి గంటకూ ఒక వరస. "రాత్రి 2. రేవులో మూడు మెట్లు మిగిలాయి. తూర్పు గాలి. ఊట ఉంది, తేట నీరు." తర్వాతి వరస: "రాత్రి 3. రెండున్నర మెట్లు. ఊట ఉంది, తేట నీరు." అలా తెల్లారేవరకు. ఒక్క విశేషణం లేదు. అమ్మో అనలేదు, దేవుడా అనలేదు.

మా ప్రూఫులు చూసే మాస్టారు తెలుగు పండితులుగా రిటైరయ్యారు. పత్రికకు ప్రాణం ఆయన. ఆ నోటుపుస్తకం తీసుకెళ్ళి, చక్కటి వ్యాసం చేసి తెచ్చారు. అందులో గోదావరి ఉగ్రరూపం దాల్చింది, జనం బిక్కుబిక్కుమంటూ గడిపారు. లస్కరు గారికి చదివి వినిపించాం. చివరిదాకా విన్నారు.

"ఆయ్, బావుందండి మాస్టారూ. కాకపోతే ఇది నేను చూసింది కాదండి. నాకా రాత్రి మెట్లే కనపడ్డాయండి, మెట్లూ ఊటానూ."

మాస్టారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత కళ్ళజోడు తీసి, "ఊట తేటగా ఉందని అన్నిసార్లు ఎందుకు రాశారండీ?" అని అడిగారు. ఆ ప్రశ్నతోనే మా సంచిక అసలు దారిలో పడింది. లస్కరు గారు అరగంట చెప్పారు. వరదప్పుడు గట్టుకు ఊరివైపు అడుగున నీరు ఊరుతుంది. ఆ నీరు తేటగా ఉంటే పెద్ద భయం లేదు. బురదగా వస్తోందంటే గట్టు లోపలి మట్టి కొట్టుకొస్తోందన్నమాట, బుంగ పడుతోందన్నమాట. అప్పుడు కంగారుపడి ఆ రంధ్రాన్ని మూసేయకూడదు, మూస్తే నీరు పక్కనుంచి ఇంకో దారి చేసుకుంటుంది. చుట్టూ ఇసుక బస్తాలు గుండ్రంగా పేర్చి, ఊరిన నీటిని అందులోనే నిలబడనివ్వాలి. ఆ నిలబడిన నీటి బరువే లోపలినుంచి వచ్చే ఒత్తిడికి ఎదురు నిలుస్తుంది, మట్టి రావడం ఆగుతుంది. ఎలుకలు, పీతలు చేసిన బొరియలే ఎక్కువగా బుంగలవుతాయి, అందుకే ఎండాకాలంలోనే గట్టు చూసుకోవాలి.

నాలుగు పేజీల్లో నోటుపుస్తకం యథాతథంగా వేశాం, వరసలు వరసలుగా. పక్కన, లస్కరు గారు చెప్పినదాన్ని మాస్టారు సులువైన మాటల్లో రాసిన ఒక పేజీ. రెండు పేర్లూ వేశాం. మా పత్రిక చరిత్రలో జిరాక్స్ తీయించుకుని పంచుకున్న వ్యాసం అదొక్కటే. ఏటిగట్టు ఊళ్ళలో రెండు బడుల్లో పిల్లలకు చదివి వినిపించారు.

ఆ తర్వాత మాస్టారు తన పని తీరు తానే మార్చుకున్నారు. అచ్చుతప్పులు ఎర్ర పెన్నుతో దిద్దుతారు. వాక్యం మార్చాలనిపిస్తే పెన్సిలుతో గీత గీసి, రాసినవాళ్ళకు ఫోన్ చేసి అడుగుతారు. ఒప్పుకుంటేనే మార్పు. ఈ పద్ధతికి టైమ్ ఎక్కువ పడుతుంది, డీటీపీ ఆపరేటర్ విసుక్కుంటాడు. అయినా దీన్ని వదులుకోం.

పేరు తీసేస్తే సరిపోదు

కౌలు రైతు వ్యాసం మమ్మల్ని ఎక్కువ ఆలోచింపజేసింది. ఆయన లంకలో భూమి మక్తాకు, అంటే కౌలుకు తీసుకుని అరటి, కూరగాయలు వేస్తారు. పదో తరగతి వరకు చదివారు, దస్తూరీ ముత్యాల్లా ఉంటుంది. వరదలో తోట మొత్తం పోయింది. నష్టం లెక్క రాసేటప్పుడు రికార్డులో ఎవరి పేరుంటే సాయం వాళ్ళ ఖాతాకే వెళ్తుంది. 2019లో వచ్చిన సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కౌలుదారుకు 11 నెలలకు ఒక పత్రం ఇస్తారు. దానికి భూమి యజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలి. సంతకం పెడితే భూమి మీద హక్కు పోతుందేమోనని యజమానులకు భయం. చట్టం అలా చెప్పదు, భూమి హక్కుకు ఏ ఢోకా ఉండదు. అయినా భయం భయమే. సంతకం అడిగితే వచ్చే ఏడు భూమి ఇవ్వరేమోనని కౌలుదారుకు భయం. ఈ రెండు భయాల మధ్య పత్రం పుట్టదు.

ఆయన ఇదంతా మూడు పేజీల్లో, ఒక్క తిట్టు లేకుండా, లెక్కలతో సహా రాశారు. దుక్కి ఖర్చు, పిలకల ఖర్చు, మక్తా, వడ్డీ. పేరు వేయమన్నారు. "నిజమే రాశాను కదండీ" అన్నారు. వాళ్ళావిడ మాత్రం మర్నాడు ఫోన్ చేసి, "అన్నయ్యగారూ, మీకు దణ్ణం పెడతాను, పేరు వద్దండీ. ఆయనకు కోపం వచ్చినా నేను సర్దిచెప్పుకుంటాను" అంది. ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడాం. చివరికి ఆయనే పేరు వద్దన్నారు.

అసలు పని అప్పుడే మొదలైంది. ఒక లంకలో ఎవరు ఎంత చేస్తున్నారో, ఏ గట్టు పక్కన ఏ తోటో ఊరందరికీ తెలుసు. పేరు తీసేసి "ఎకరన్నర అరటి" అని ఉంచితే పేరు వేసినట్టే. మేము లంక పేరు తీశాం, విస్తీర్ణం తీశాం, పంట పేరు తీశాం. ఖర్చులు ఎకరానికి ఇంత అని మార్చాం, మొత్తాలు వేయలేదు. వాళ్ళమ్మాయి చదువు గురించి ఒక మంచి పేరా ఉంది, ఆ కాలేజీ కోర్సును బట్టి ఇల్లు తెలిసిపోతుందని అదీ తీసేశాం. అలా తీసేసేటప్పుడు నాకు చాలా బాధేసింది, ఎందుకంటే వ్యాసం మొత్తంలో అంత బాగా రాసిన భాగం మరొకటి లేదు. ఆయన్నే అడిగాం. "ఉంటే బావుంటుందండి, కానీ వద్దులెండి" అన్నారు. మాటల తీరు కూడా పట్టిచ్చేస్తుందని ఒకటి రెండు ఊతపదాలు ఆయనే కొట్టేశారు.

దస్తూరీ కాగితాలు ఆయనకే తిరిగి ఇచ్చేశాం. డీటీపీకి నేనే టైప్ చేసి ఇచ్చాను, ఎందుకంటే డీటీపీ సెంటర్లో కాగితాలు బల్ల మీద పడి ఉంటాయి, వచ్చినవాళ్ళందరూ చూస్తారు. ఊరి పత్రికలు నడిపేవాళ్ళకు నేను గట్టిగా చెప్పేది ఈ ఒక్క విషయం: రహస్యం బయటపడేది అచ్చయిన పేజీలోంచి తక్కువ, మన టేబుల్ మీంచి, మన వాట్సాప్ గ్రూపులోంచి ఎక్కువ.

సంచిక వచ్చాక ప్రకటన ఇచ్చే ఒకాయన, ఆయనకూ లంకలో భూములున్నాయి, మరుసటి సంచిక నుంచి ప్రకటన ఆపేశారు. ఎవరు రాశారో చెప్పమని అడగలేదు. ఆ మర్యాద నిలబెట్టుకున్నందుకు ఆయనంటే నాకు గౌరవమే. కౌలు మాత్రం ఎవరిదీ పోలేదు.

చేతులు ఖాళీ లేనివాళ్ళు

నరసాపురం లేసు గురించి అందరికీ తెలుసు. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా ఇక్కడి ఆడవాళ్ళు నేర్చుకున్న అల్లిక, 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. దాన్ని అల్లే మనిషి రోజు ఎలా గడుస్తుందో తక్కువమందికి తెలుసు. చేతిపని చేసేవాళ్ళు పువ్వులు, ముక్కలు అల్లుతారు, అతుకుపని చేసేవాళ్ళు వాటిని కలుపుతారు. దారం ఏజెంటు ఇస్తాడు, అల్లిన సరుకు ఏజెంటే తీసుకెళ్తాడు. ఇంటి పనంతా అయ్యాక, మధ్యాహ్నం వీధి అరుగు మీద నలుగురు కూర్చుని అల్లుకుంటారు. పని ఆపి రాయమంటే ఆ పూట డబ్బులు పోతాయి.

మాకు రాసినావిడ వశిష్ఠ ఒడ్డున ఉంటుంది. వరద నీరు ఇంట్లోకి వచ్చి, ఏజెంటు ఇచ్చిన తెల్ల దారం తడిసి మట్టి మరక పట్టింది. మరక పడితే సరుకు తీసుకోరు, దారం ఖరీదు కూడా ఆవిడ లెక్కలోనే పడుతుంది. ఈ సంగతి ఆవిడ వాయిస్ మెసేజ్‌లుగా చెప్పింది. ఫోన్ దారం డబ్బాకు ఆనించి పెట్టుకుని, అల్లుతూనే చెప్పింది. వింటుంటే మాటల మధ్యలో లెక్క వినిపిస్తుంది: "నీళ్ళు గడప దాటేసరికి... తొమ్మిది, పది... నేను మంచం మీదకి ఎక్కించాను, పదకొండు..." టైప్ చేసిన కుర్రాడు ఆ అంకెలన్నీ తీసేశాడు. చదువుకోవడానికి హాయిగానే ఉంది. కానీ ఆవిడ కథ సగం ఆ అంకెల్లోనే ఉందనిపించింది నాకు. ఒక పేరాలో అంకెలు ఉంచాం, మిగతా చోట్ల తీశాం. ఎక్కడ ఉంచాలో ఆవిడే చెప్పింది.

అచ్చుకు పంపేముందు మొత్తం ఫోన్లో చదివి వినిపించాం. ఆవిడ అటువైపు అల్లుతూనే ఉంది. ఒక చోట ఆపింది. "అక్కడ నేను ఏడ్చానని పెట్టారు. నేను ఏడవలేదు అన్నయ్యా. కోపం వచ్చింది." నేను రికార్డింగ్ మళ్ళీ విన్నాను. ఆవిడ గొంతు వణికింది నిజమే, ఏడ్చానని మాత్రం చెప్పలేదు. వాక్యం మార్చాం. అప్పటినుంచి వాయిస్ మీద ఆధారపడిన ప్రతి రచననూ రాసినవాళ్ళకు చదివి వినిపించకుండా అచ్చుకు పంపడం లేదు.

కువైట్ నుంచి రాసినావిడతో వేరే రకం ఇబ్బంది. కోనసీమ నుంచి గల్ఫ్‌కు ఇంటి పనికి వెళ్ళిన ఆడవాళ్ళు ఎందరో. ఈవిడ ఇల్లు లంకలో. వరద వచ్చిన రోజుల్లో అక్కడ ఒకరి ఇంట్లో వంట చేస్తూ, తన ఇల్లు మునగడం ఫోన్ వీడియోలో చూసింది. మనకంటే రెండున్నర గంటలు వెనక ఉంటుంది కువైట్. అక్కడ పని ముగించుకుని రాత్రి పదకొండున్నరకు ఫోన్ పట్టుకుంటే ఇక్కడ తెల్లవారుజాము రెండు. ఆ వేళ పొట్టి పొట్టి మెసేజ్‌లు పెట్టేది. యజమాని ఇంట్లో ఫోన్ ఎవరైనా చూస్తారని వెంటనే చెరిపేసేది కూడా, కాబట్టి వచ్చినవి వచ్చినట్టే మేము వేరే చోట దాచుకోవాలి. ఒక మెసేజ్ ఇది: "మేడమ్ గారి పిల్లలకు అన్నం పెడుతున్నాను, మా అత్తయ్య డాబా మీద ఉంది." అలాంటివన్నీ వరసలో పెట్టి, మధ్యలో ఒక్క మాట కూడా మావైపు నుంచి చేర్చకుండా వేశాం. పేరు లేదు, ఫోటో లేదు, ఆ ఇంటివాళ్ళ వివరం లేదు.

రొయ్యల చెరువు మీద రాత్రి కాపలా ఉండే కుర్రాడు మంచి కవి. నీళ్ళలోకి గాలి పంపే ఏరేటర్లు ఆగకుండా చూసుకుంటూ మేత లెక్కలు రాసే కాగితం వెనక రాస్తాడు. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ బాగా తగ్గిపోతుంది, ఆ వేళ కళ్ళు మూతపడకుండా ఉండటానికే రాయడం మొదలుపెట్టానన్నాడు. అతనికి గడువు పట్టుబడి, అంటే రొయ్యలు పట్టడం, అయ్యాకే పెడతాం.

కొబ్బరి దింపు పనివాడు అసలు రాయలేదు, చెప్పాడు. పొద్దున్నే చెట్లెక్కితే ఎండెక్కేసరికి పని అయిపోతుంది, తర్వాత భోజనం చేసి చెప్పాడు, వాళ్ళ మేనల్లుడు రాసుకున్నాడు. లంకలో దింపి పోగేసిన కాయల రాశులు వరదకు ఎలా తేలిపోయాయో చెప్పాడు. మాటల్లో కొబ్బరి అభివృద్ధి బోర్డు చెట్టెక్కేవాళ్ళ కోసం నడిపే కేర సురక్ష ప్రమాద బీమా గురించి వచ్చింది. ఆ బీమా ఉందని తోటివాళ్ళలో చాలామందికి తెలియదన్నాడు. పేజీ కింద ఆ వివరం పెట్టెలో వేశాం. ఫలానా పేజీలో ఉన్న బీమాకు ఎవరిని కలవాలి అని ఆ సంచిక తర్వాత మాకు ఫోన్లు వచ్చాయి. ఇంతకుముందు మా పత్రిక చదివి అలాంటి ఫోన్ ఎవరూ చేయలేదు.

పత్రిక వైపు మారినవి

గడువులు పంటల లెక్కకు తెచ్చాం. సార్వా (వానాకాలం వరి) నాట్లప్పుడు, మాసూళ్ళప్పుడు (కోత, నూర్పిళ్ళప్పుడు) రైతులను అడగం. దాళ్వా (రెండో పంట) కోతలయ్యి ఏప్రిల్‌లో కాలువలు కట్టేశాక, మళ్ళీ జూన్‌లో నీళ్ళు వదిలేదాకా వాళ్ళకు కాస్త తీరిక, ఆ సంచికకు వాళ్ళ రచనలు ఎక్కువగా తీసుకుంటాం. పని మానుకుని మాతో కూర్చునేవాళ్ళకు ఆ పూట కూలి ఇస్తాం. మాస్టార్లు తమకు పారితోషికం వద్దని వాళ్ళే చెప్పారు, ఆ డబ్బు ఇటు మళ్ళింది. కూలి ఇవ్వడం మీద మా సంపాదకవర్గంలో వాదన గట్టిగానే జరిగింది. డబ్బిస్తే చెప్పే మాట మారుతుందని ఒకరన్నారు. మాకైతే మారినట్టు కనపడలేదు. ఇవ్వకపోతే వచ్చే మనుషులే మారిపోతారు, తీరిక ఉన్నవాళ్ళే మిగులుతారు.

ఫోన్లో వచ్చిన యూనికోడ్ తెలుగును డీటీపీలో వాడే "అను" ఫాంట్‌లోకి మార్చేటప్పుడు పొల్లులు, ఒత్తులు చెదిరిపోతాయి. "కాజ్‌వే", "రికార్డ్‌లు" లాంటివి ప్రతిసారీ కళ్ళతో చూసుకోవాల్సిందే. ఫోన్ రచనలకు ప్రూఫు ఒకసారి ఎక్కువ పెట్టుకోండి.

చందాదారుల్లో కొందరు అసంతృప్తిగా ఉత్తరాలు రాశారు. పత్రికలో సాహిత్యం తగ్గిందన్నారు, కథలూ పద్యాలూ ఏవన్నారు. వాళ్ళ మాటను మేము తేలిగ్గా తీసుకోలేదు. పద్యాలకు రెండు పేజీలు ఖాయం చేశాం. అయితే లస్కరు గారి నోటుపుస్తకం సాహిత్యమా కాదా అన్నదాని మీద మాస్టారే ఒక ఉత్తరానికి జవాబు రాశారు. ఒక రాత్రంతా ఒకే విషయాన్ని చూస్తూ, చూసినదే రాసి, చూడనిది ఒక్కటీ రాయని మనిషి దగ్గర తాను అరవై ఏళ్ళు దాటాక పాఠం నేర్చుకున్నానని.

అందరూ కొనసాగలేదు. కువైట్‌లో ఉన్నావిడ ఇల్లు మారింది, ఫోన్ కలవడం లేదు. చెరువు కుర్రాడు పంపుతూనే ఉన్నాడు. లేసు అల్లే ఆవిడ ఈసారి ముక్కకు వచ్చే డబ్బులు, దారం ఖర్చు, అల్లడానికి పట్టే గంటలు నెల పొడుగునా రాసి పెట్టుకుంది. అది వేసేముందు ఏజెంట్లలో ఎవరైనా తమ లెక్క చెబుతారేమో కనుక్కుంటున్నాం. ఒకరు సరేనన్నారు, పేరు లేకుండా. కౌలు రైతు రెండో వ్యాసం కూడా వచ్చింది, హక్కు పత్రం గురించే. దాని పక్కన భూమి యజమానుల వైపు భయం ఏమిటో వాళ్ళ మాటల్లోనే వేయాలని అడిగాం. ఇద్దరు రాస్తామన్నారు. వాళ్ళలో ఒకరు ప్రకటన ఆపేసిన ఆయనే. గడువు మే నెలాఖరు, కాలువలకు నీళ్ళు వదిలేలోపు.